గానుగ దగ్గర బుచ్చిబాబు

ఆ రోజుల్లో వారపత్రిక మధ్యాహ్నం మూడింటికి గాని ఆడవాళ్ళ చేతికి వచ్చేది కాదు. భోజనాలవ్వాలి, గిన్నెలు బోర్లించాలి, మగవాళ్ళు కునుకు తియ్యాలి. తీరా చేతికొచ్చేసరికి సీరియల్ పేజీ మడత పడి ఉండేది, కార్టూను మీద కాఫీ చుక్క ఉండేది, గళ్ళ నుడికట్టులో ఎవరో రెండు మాటలు పెన్నుతో నింపి పెట్టేవారు. రెండూ తప్పే! పెన్సిలుతో నింపాలని తెలియని ఆ మహానుభావుల మీద ఒక వ్యాసం విడిగా రాయొచ్చు గాని, ఇవాళ నా పేచీ వాళ్ళతో కాదు. ఆధారాలు రాసేవాళ్ళతో. అందులోనూ, ఆధారాల్లోకి కావ్యాలనూ నాటకాలనూ నవలలనూ లాక్కొచ్చేవాళ్ళతో.

ముందు ఒక ఆధారం చూడండి. మీనాక్షి ఊరూ, బాసర అమ్మవారూ కలిస్తే కన్యాశుల్కం నడుస్తుంది (5).

1978 వేసవి. బోధన్ పక్కన శక్కర్‌నగర్ క్వార్టర్సులో మా చిన్నత్త ఇంటి వరండాలో ఈ ఆధారం మా ముందు పడింది. చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. మామయ్యకు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. గానుగ సీజను అప్పుడే ముగిసింది, గాలిలో మొలాసిస్ వాసన మాత్రం ఇంకా పోలేదు. అది ఊరి మనుషులకు తెలియదు, మా బోటి చుట్టాలకే తెలుస్తుంది.

చిన్నత్త చదువు నిజాం కాలపు చదువు. నిజామాబాదులో నాలుగో జమాతు దాకా, అంతా ఉర్దూలో. తెలుగు అక్షరాలు ఇంట్లో వాళ్ళన్న దగ్గర, అంటే మా నాన్న దగ్గర, భాగవతం ముందు పెట్టుకొని నేర్చుకుంది. పక్క క్వార్టరు ఆవిడ కోస్తా నుంచి వచ్చారు. భర్త ఫ్యాక్టరీలో కెమిస్టు. ఇంట్లో గాజు తలుపుల బీరువా నిండా పుస్తకాలు. ఆవిడ చిన్నత్తను 'పిన్నిగారూ' అనేవారు, చిన్నత్త ఆవిడను 'బిడ్డా' అనేది.

"మధురవాణి అండీ, ఇంకెవరు? కన్యాశుల్కం అన్నాడుగా!" అని ఆవిడ చటుక్కున అనేశారు.

చిన్నత్త అప్పటికే వేళ్ళ మీద లెక్కపెడుతోంది. "మీనాక్షి ఏడుంటది? మధురల. బాసరల ఉండేది వాణి. మధుర, వాణి. అయిదు గళ్ళు సరిపోయినయి. గని బిడ్డా, గీ మధురవాణి ఎవరు?"

"అయ్యో, మధురవాణి తెలీదా పిన్నిగారూ!" అన్నారావిడ. అని, ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఈ బాసర ఎక్కడండీ?" అని అడిగారు.

నిజామాబాదు నుంచి మన్మాడు వైపు రైలెక్కితే గంట పట్టని దూరం. మా వైపు పిల్లలకు పలక పట్టించేది అక్కడే. ఆవిడకు అది తెలియదు. చిన్నత్తకు మధురవాణి తెలియదు. అయినా ఇద్దరూ ఒకే మాట రాశారు. ఒకరు బడిగుమ్మం గుండా, ఒకరు గుడిగుమ్మం గుండా లోపలికి వచ్చారన్నమాట.

మంచి ఆధారమంటే ఇదీ అని నాకు ఆ పూటే అనిపించింది. సాహిత్యం ఒక తలుపు, లోకజ్ఞానం ఇంకో తలుపు. ఏ తలుపు తట్టినా లోపల మనిషి ఒకరే ఉండాలి. రెండో తలుపు లేని ఆధారం ఆధారం కాదు, ప్రశ్నపత్రం. 'గిరీశం శిష్యుడు (4)' అని అడిగాడనుకోండి. కన్యాశుల్కం చదివినవాళ్ళు వెంకటేశం అని రాసి ఆవులిస్తారు. చదవనివాళ్ళు పత్రిక మూసేస్తారు. ఇద్దరికీ దక్కిందేమిటి? అదే 'గిరీశం గారి శిష్యుడిలో ఏడుకొండలవాడు దాగున్నాడు (4)' అంటే, గురజాడ పేరు వినని అమ్మాయి కూడా వెంకటేశ దగ్గర ఆగి, సున్న తగిలించి, ఈ గిరీశం ఎవరబ్బా అనుకుంటుంది. ఆ అనుకోవడమే కావలసింది.

ఇదంతా దొరల దగ్గర నేర్చుకున్న విద్యే గదా అంటారేమో. గడులు గీయడం వరకూ నిజమే. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి గళ్ళ పజిల్ వేశాడు. అందులో ఆధారాలు సూటిగా ఉండేవి, మాటకు అర్థం చెబితే చాలు. దాన్ని మెలికలు తిప్పినవాళ్ళు ఇంగ్లండువాళ్ళు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్క్విమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ అనే కవి, అనువాదకుడు పజిళ్ళు కూర్చాడు. ఆ పేరు స్పెయిన్‌లో మతవిచారణ జరిపించిన క్రూరుడిది. పేరుకు తగ్గట్టే పెట్టాడు పాఠకుల్ని చిత్రహింస! సగం ఆధారాలు ఏ పాత కవిలోనో మారుమూల పాదాలు. మాటలు ఆయనవైనా, గడుల్లో వాటిని ఇమిడ్చే పని ఆయన భార్య చేసేదట. పేరు మాత్రం ఆయనదే. ఇది మనకు కొత్త సంగతి కాదనుకోండి.

ఆయన తర్వాత అదే పత్రికలో జిమెనెజ్ అనే మారుపేరుతో వచ్చిన మెక్‌నట్ వృత్తికి బడిపంతులు. ఆయనకు ధర్మం ముఖ్యం. ఆధారంలో అర్థం ఉండాలి, మాటల ఆట ఉండాలి, ఆ రెండూ తప్ప మూడోది ఉండకూడదని పట్టుపట్టి, 1966లో దాని మీద పుస్తకమే రాశాడు. చిన్నత్త ఆయన పేరు విని ఉండదు గాని, తప్పు ఆధారం కనబడితే సరిగ్గా అదే మాట అనేది. "అడిగిందానికి రాసిందానికి పొత్తు లేదు. గిది నాయం కాదు."

గడులు వాళ్ళవి. మెలిక మాత్రం మనది. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికల్ని 16 రకాలుగా లెక్కపెట్టాడు. అవెందుకు పనికొస్తాయో కూడా చెప్పాడు. గోష్ఠుల్లో వినోదానికి, నలుగురి మధ్య గుట్టుగా మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి. నేటి ఆధారాలన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక గంపలో పడతాయి. మొదటిది చేసేవాళ్ళకు దండం పెట్టొచ్చు. రెండోది చేసేవాళ్ళు తమ చదువుకున్న నలుగురికే కన్ను గీటుతారు, మిగతావాళ్ళం దిక్కులు చూస్తాం. మూడోదాన్ని గురించి చెప్పేదేముంది?

ఇక శ్లేష. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. అవే పద్యాలు ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా చదివితే భారతం. దాన్ని సాధించడానికి ఆయన మాటల్ని ఒక కథకు ఒకచోట, ఇంకో కథకు ఇంకోచోట విరిచాడు. దాన్నే సభంగశ్లేష అంటారు. ఇప్పుడీ ఆధారం చూడండి. వీచేదీ కురిసేదీ కలిసి న్యూయార్కు వెళ్ళి బహుమతి తెచ్చింది (4). పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథకు 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ సంగతి తెలిస్తే ఒక్క అంగలో జవాబు. తెలియకపోతే వీచేది గాలి, కురిసేది వాన. మధురవాణిని మధుర, వాణి అని విరిచినా, గాలివానను గాలి, వాన అని విరిచినా పని సూరన పనే. ఆయన కావ్యమంత చేశాడు, వీళ్ళు నాలుగు గడులంత చేస్తారు.

మన నుడికట్టు సాహిత్యం మీద ఇంతగా వాలడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. ఇంగ్లీషువాడికి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మాటను పూర్తిగా కలగాపులగం చేసి కొత్త మాట పుట్టించగలడు. మనకు గడికి ఒక పూర్తి అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. కన్యాశుల్కం అంటే క, న్యా, శు, ల్కం. 'న్యా'ను విడగొట్టే కత్తి మన దగ్గర లేదు. అందుకని 'చెదిరింది' 'తిరగబడింది' అనే ఆధారాలు మనకు త్వరగా అయిపోతాయి. వికటకవిలాంటి మాట, ఎటు చదివినా అదే వచ్చేది, ఎన్నిసార్లు దొరుకుతుంది? దొరికినప్పుడల్లా తెనాలి రామకృష్ణుణ్ణి పిలిపించి రాయల సభలో నిలబెడతారు. పాపం, ఆయనకు విశ్రాంతి లేదు.

అన్నట్టు, గడి ఒకటి మిగిలిపోతే 'ము', ఒకటి తక్కువైతే సున్న. ఉంగరం మూడు గడుల్లో పడుతుంది, ఉంగరము నాలుగింట్లో పడుతుంది. 'దుష్యంతుడి మతిమరుపుకు మందు, వేలికి పెట్టుకుంటారు (4)' అని మంచి ఆధారమే రాసి, చివర్న ఆ 'ము' తగిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనం ఇంట్లో ఎవరమైనా ఉంగరము అంటామా?

మన తెలుగులో ఈ ఆటకు పెద్దరికం తెచ్చినవాళ్ళు ఇద్దరు, శ్రీశ్రీ, ఆరుద్ర. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అని పేరు పెట్టుకున్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. ఒకాయన మహాకవి, ఒకాయన సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన మనిషి. వాళ్ళకు తెలియని పుస్తకం లేదు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళు వాళ్ళ సరదా వదిలేసి పుస్తకాల జాబితా ఒక్కటే పట్టుకున్నారు. అదీ చిక్కు. ఆ జాబితాలో కన్యాశుల్కం, బారిష్టరు పార్వతీశం, ఎంకి, నాయుడుబావ. అన్నీ మంచివే, నాకూ ప్రాణమే. కాని ఆ జాబితా ఒక ప్రాంతపు బడిపుస్తకాల్లోంచి, ఒక రకం ఇళ్ళ బీరువాల్లోంచి వచ్చింది. తెలుగంతా అదేనన్నట్టు అడిగితే, ఉర్దూ బళ్ళో చదివిన మా చిన్నత్తలాంటివాళ్ళు ప్రతి ఆదివారం పరీక్ష తప్పుతూ ఉండాలి.

ఇది చిన్న విషయమని మీరనుకోవచ్చు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబు చెప్పారు. అంత పుస్తకం వచ్చాక కూడా గళ్ళలోకి దిగిన కవులెందరు?

గళ్ళలో పడ్డ ఒక ముల్లు చెబుతాను వినండి. అదే వేసవిలో, ఇంకో వారం. అడ్డం 3: చెరకు కడుపు పంట (3). ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఇది అడగాలా? చిన్నత్త నవ్వుతూ 'శక్కర' అని రాసేసింది. నిలువు 3: వెన్నెల తాగి బతికే పిట్ట, కవుల పెంపకం (4). హరికథల్లో, పద్యాల్లో ఆమె ఎన్నిసార్లు విందో. "చకోరము" అంది. అని, మొదటి గడి చూసి ఆగిపోయింది. అక్కడ 'శ' ఉంది.

"చక్కెర అని ఉండాలి పిన్నిగారూ," అన్నారు పక్కింటావిడ, చాలా మెత్తగానే. "శక్కర అనేది మాట్లాడుకునే మాట. గ్రాంథికంలో చక్కెర."

చిన్నత్త రబ్బరు తీసుకుంది. ఆ తుడవడం నాకిప్పటికీ కనిపిస్తుంది. గడి ఒకటే, కాని ఆమె మూడు గడులూ తుడిచింది. "మరి మా ఊరి పేరు గుడ తప్పేనా బిడ్డా?" అంది. నవ్వుతూనే అంది. 1937లో ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆ ఊరు శక్కర్‌నగరే. పక్కింటావిడకు వచ్చే ఉత్తరాల మీద చిరునామా కూడా అదే.

అప్పుడు నాకు జవాబు తెలియదు. తర్వాతెప్పుడో నిఘంటువులు తిరగేస్తే తెలిసింది. సంస్కృతంలో శర్కర. ప్రాకృతంలో సక్కర అయి మనకు చక్కెర అయింది. అదే శర్కర పారశీకానికి వెళ్ళి షకర్ అయి, ఉర్దూలో శక్కర్‌గా ఇంటికి తిరిగొచ్చింది. అరబ్బుల మీదుగా వెళ్ళి ఇంగ్లీషువాడి షుగర్ కూడా అయింది. అందరూ ఒక తల్లి పిల్లలే. ఒకరు ఇంటిపట్టున ఉన్నారు, ఒకరు దేశాలు తిరిగొచ్చారు. చిన్నత్త శక్కరలో తప్పేమీ లేదు. చకోరం అడ్డం వచ్చింది, అంతే.

గడుల కూర్పరికి శక్కర అనే మాట ఉందని తెలిసి ఉంటే చాలు. పక్కన ఏదైనా వేరే పిట్టను పెట్టేవాడు, లేకపోతే ఆధారంలో ఇది ఏ వైపు మాటో చెప్పేవాడు. ఆడవాళ్ళ విషయంలోనూ ఇదే చూపు. వంటింటి మాటలకు ఆధారాలు పిల్లలకు వేసినట్టు సులువుగా వేస్తారు, సాహిత్యం దగ్గరికొచ్చేసరికి మేం చదివిన పుస్తకాలు గుర్తుండవు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' చదవని ఇల్లు ఆ రోజుల్లో నాకు తెలియదు. 'ఆఫీసులో ఉద్యోగం, యద్దనపూడి గారి జయంతి చేసింది (4)' అంటే రాష్ట్రం మొత్తం మీద పెన్సిళ్ళు ఒక్కసారి లేచేవి. అలాంటి ఆధారం నేను చూసిన గుర్తు లేదు. ఆ నవలను సాహిత్యంలో కలుపుకోవాలా వద్దా అని విమర్శకులు తర్జనభర్జన పడొచ్చు, గడులకు ఆ బెంగ దేనికి? చదివారా లేదా, అంతే కదా కావలసింది.

మా వైపు నుంచి అడగదగ్గవి లేకనా? బోధన్‌నే తీసుకోండి. భారతంలో భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. 'ఒంటిచక్రం ఊరు, బండెడన్నం కదిలింది ఇక్కడినుంచే (6)' అని అడగొచ్చు. భారతం విన్నవాళ్ళకు బండెడన్నం చాలు, విననివాళ్ళు ఒంటిని ఏకం చేసుకుంటే సరి. నిజామాబాదు జైలు ఉంది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి గారు అక్కడ ఖైదీగా ఉండి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. 'ఇందూరు జైలు గోడ మీద బొగ్గుతో మోగింది, సరస్వతి ఒళ్ళో ఉంటుంది (2)' అంటే వీణ. ఇక్కడ కోస్తా ఆవిడకు సరస్వతి తలుపు, చిన్నత్తకు జైలు తలుపు. 'గజేంద్రుడి కాలు పట్టింది, పన్నెండు రాశుల్లో ఉంది (4)' అంటే ఏ ప్రాంతమైనా, ఏ బడైనా మకరము వస్తుంది. ఇదిగో, నేనూ 'ము' తగిలించాను! ఒళ్ళో గడులు పెట్టుకొని కూర్చుంటే గాని ఆ కష్టం తెలియదు.

పక్కింటావిడ కన్యాశుల్కం అరువిచ్చారు. చిన్నత్త వారంలో చదివి తిరిగిచ్చేసింది. "అందర్ల గామెకే బుద్ధున్నది" అంది మధురవాణి గురించి. గిరీశంలాంటివాడు తమ ఫ్యాక్టరీలో ఫలానా సెక్షనులో ఉన్నాడని కూడా అంది. పేరెందుకు లెండి. తర్వాత బీరువాలోంచి బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' తెచ్చుకుంది. అది సాగలేదు. యాభై పేజీలకు, "గీ పిలగాడు ఏదీ తేల్చుకోడు" అని మూసి పెట్టింది. విమర్శకులు ఆ నవల మీద బోలెడు రాశారు. ఆ ముక్కను కొట్టిపారేయడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు.

నవల వదిలేసినా పేరును వదల్లేదు. సెలవులయ్యాక నేను వచ్చేసిన నెలకు కార్డు రాసింది. మూల మీద ఒక ఆధారం. గానుగ దగ్గర బుచ్చిబాబు నవల (2).

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నవల మొత్తం చదివాను. అందువల్లే రెండు రోజులు కొట్టుకున్నాను. నాయకుడి పేరు చూశాను, దయానిధి, నాలుగు గడులు. మిగతా పాత్రలన్నీ వరసపెట్టి లెక్కపెట్టాను. నా చదువే నాకు అడ్డం పడింది. ఆవిడ అడిగింది నవల లోపలిది కాదు, పేరు. గానుగలో చెరకు పెట్టి రసం పిండితే చివరకు మిగిలేది ఏమిటి?

ఇది నేను చూసిన సాహిత్య ఆధారాలన్నిట్లో గొప్పదని ఇవాళ్టికీ నా అభిప్రాయం. ఇక్కడ చదువు తాళం చెవి కాదు, ఎర. ఎక్కువ చదివినవాళ్ళు ఎక్కువ దూరం వెళ్ళి తిరిగిరావాలి. అయినా అన్యాయం లేదు. జిమెనెజ్ పంతులు గారు వచ్చి కొలిచినా, అర్థం ఉంది, ఆట ఉంది, మూడోది లేదు. ఒక పత్రికకు పంపుదామంటే చిన్నత్త ఒప్పుకోలేదు. "మన మాటలు ఆళ్ళకెందుకు" అంది. శక్కర సంగతి ఆమె మరిచిపోలేదని నాకప్పుడు అర్థమైంది.

చిన్నత్త పోయి చాలా ఏళ్ళయింది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పక్కింటావిడకు ఇప్పుడు ఎనభై దాటాయి, విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. చూపు మందగించిందట, కోడలు ఆధారాలు చదివి వినిపిస్తే ఆవిడ జవాబులు చెబుతారట. మొన్న ఫోను చేసినప్పుడు చిన్నత్త ఆధారం చదివి వినిపించాను. ఇన్నేళ్ళుగా ఆవిడకు ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

అవతల కాసేపు మాట లేదు.

"రెండేనా?" అన్నారు.

"రెండేనండీ."

"బుచ్చిబాబు గారిని పిన్నిగారు సగం కూడా చదవలేదే," అన్నారు. తర్వాత ఆవిడే, "అదేనమ్మా, మా ఫ్యాక్టరీలో బాయిలర్లలో వేసి కాల్చేవారు, సీజనంతా మా దండేల మీద బట్టలకు నుసి పట్టేది... పిప్పి. అవునా?" అన్నారు.